గడప అవతల కంప్యూటరు

“బాణం గుర్తు గెంతుతోందండీ. నేను నెమ్మదిగానే జరుపుతున్నా, రికార్డింగులో మాత్రం కప్పలా ఎగిరిపడుతోంది. నా గొంతు ముందు పోతోంది, బొమ్మ వెనక పడుతోంది.”

గుంటూరు బ్రాడీపేట నుంచి ఫోనులో రచన చెబుతుంటే, ఒంగోలులో సాయికౌశిక్ కళ్ళు మూసుకుని విన్నాడు. కొత్తగా పెళ్ళయింది. ఆషాఢం రాగానే భార్య పుట్టింటికి వెళ్ళిపోయింది. అల్లుడు అత్తగారింటి గడప తొక్కకూడదని మామగారు జానకిరామయ్య గట్టిగా చెప్పేశారు. ఇక మిగిలింది ఈ ఫోనే. రచన “అండీ” అని సాగదీస్తుంటే చెడిపోయిన కంప్యూటరు కబురైనా కమ్మగానే ఉంది.

ఆ కంప్యూటరు అతని చేత్తో బిగించిందే. ఒంగోలులో అతనికి కంప్యూటర్లు అమ్మి బాగుచేసే దుకాణం ఉంది. రచన ఒక కోచింగ్ సెంటరుకి ట్యాలీ పాఠాలు సీడీగా చేసిస్తోంది. తెర మీద తను చేసేదంతా ఒక సాఫ్ట్‌వేరు రికార్డు చేస్తుంది, మైకులో తను వివరిస్తుంది. మొన్నటిదాకా చక్కగా నడిచింది. బుధవారానికి సీడీ ఇవ్వాలనగా ఉన్నట్టుండి ఈ తిప్పలు.

“వాల్‌పేపరు తీసేశావా?”

“మన పెళ్ళి ఫోటో అండీ. మనసొప్పకపోయినా తీసేశా.”

“యాంటీవైరస్?”

“ఆపేశా. రంగులు తగ్గించా. సి డ్రైవు ఊడ్చి ముగ్గు పెట్టినంత పని చేశా.”

“అయితే లోపల ఇంకేదో నడుస్తోంది. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి ఆ పేర్లన్నీ చదువు.”

పేర్లు రాసుకొస్తానని ఆమె కంప్యూటరు గదిలోకి వెళ్ళేంతలో ఫోను చేతులు మారింది.

“ఎస్టీడీ బిల్లు తడిసి మోపెడవుతుందోయ్!” జానకిరామయ్య గొంతు. “నువ్వేం కంగారుపడకు. మా పై వాటాలో చైతన్యకృష్ణ అని కుర్రాడున్నాడు. ఎం.సి.ఏ. అతను చెయ్యి పెడితే ఎలాంటి కంప్యూటరైనా లేచి కూర్చుంటుంది. పిలుస్తాలే.”

ఫోను పెట్టేశారు.

కుర్రాడట! ఎం.సి.ఏ. అట! తను బిగించిన కంప్యూటరు మీద వాడు చెయ్యి పెడతాడట! రచన పక్కన కుర్చీ వేసుకుంటాడు. ఆమె అప్పుడే వదిలిన మౌసు, ఇంకా వేడి ఆరకముందే పట్టుకుంటాడు. కీబోర్డు అడిగిన కస్టమరుకి సాయికౌశిక్ స్పీకర్లు కట్టి ఇచ్చాడు.

మర్నాడు ఫోను మామగారే ఎత్తారు.

“రచన గుడికెళ్ళిందోయ్. చైతన్య వచ్చి చూశాడు. కాస్త నయం, రేపు మళ్ళీ వస్తానన్నాడు. మా సీత చేసిన పకోడీలు తెగ నచ్చాయట.”

ఎం.సి.ఏ.ని ఓర్చుకున్నాడు గానీ పకోడీల్ని ఓర్చుకోలేకపోయాడు. పెళ్ళయ్యాక అత్తగారు సీతారత్నం తనకింకా పకోడీలే వెయ్యలేదు!

ఆదివారం పొద్దున్నే రైలెక్కి బ్రాడీపేటలో దిగబడ్డాడు.

“గడప తొక్కను మామయ్యగారూ. కంప్యూటరే బయటికి తెప్పించండి.”

“ఆషాఢంలో ఇదేం చోద్యమయ్యా!” అని విసుక్కుంటూనే జానకిరామయ్య మానిటరు మోసుకొచ్చారు. వరండాలో బల్లా, కుర్చీ సిద్ధంగానే ఉన్నాయి. కంప్యూటరు పెట్టించి, ఆయన కరివేపాకు తెస్తానని సంచీ పట్టుకుని వెళ్ళిపోయారు.

గడపకి ఇవతల కుర్చీలో అల్లుడు, అవతల నేల మీద మైకు ఒళ్ళో పెట్టుకుని రచన. మధ్యలో పసుపు రాసిన గడప. ఆమె చాచిన చేతికి ఇతని చొక్కా అంచు అందింది. అదే పదివేలనుకుని పట్టుకు కూర్చుంది.

నడుస్తున్న ప్రోగ్రాముల పేర్లు చూస్తూ చూస్తూ అతను ఆగిపోయాడు.

“ఇదేంటి? ఇంకో రికార్డింగు సాఫ్ట్‌వేరు! నువ్వు పెట్టావా?”

“నాకెందుకండీ రెండు?”

“కంప్యూటరు వెయ్యగానే చప్పుడు చెయ్యకుండా ఇదీ రికార్డు చేస్తోంది. ఒకే తెరని రెండూ చెరోవైపు లాగుతుంటే బాణం గెంతక ఏం చేస్తుంది!” అతని చెవులు ఎర్రబడ్డాయి. “ఇది వాడి పనే. పిలవకముందే ఎప్పుడో దూరి, రోజంతా నువ్వేం చేస్తున్నావో చూడాలని పెట్టాడు. పైగా పకోడీలొకటి!”

“ఎవడండీ?”

“చైతన్యకృష్ణ! మీ పై వాటా!”

రచన కళ్ళు పెద్దవి చేసింది. “ఆ అబ్బాయా? మన పెళ్ళికి ముందే ఖాళీ చేసి హైదరాబాదు పోతేను! పకోడీలేంటి మీ మొహం!”

సాయికౌశిక్ నోరు తెరిచాడు. కాసేపటికి అది నవ్వయింది.

“ఓహో! నన్ను రప్పించడానికి నువ్వే ఇది పెట్టి, పాపం మామయ్యగారి చేత అంత అబద్ధం ఆడించావన్నమాట!”

“నేనా? మీరే ఫోనులో ఏవేవో నొక్కించి పాడుచేశారు, రావడానికి వంక దొరుకుతుందని!”

“ఒట్టు, నేను కాదు.”

“ఒట్టు, నేనూ కాదు.”

ఒకరి మాట ఒకరు నమ్మలేదు. నమ్మకపోవడమే ఇద్దరికీ హాయిగా ఉంది. అతను ఆ రెండో సాఫ్ట్‌వేరు తీసేశాడు. రచన మళ్ళీ పాఠం చెప్పింది. బాణం గుర్తు నీళ్ళ మీద పడవలా సాగింది.

అల్లుడికి వరండాలోనే విస్తరి వేశారు. పప్పులో నెయ్యి, పక్కన వేడి పకోడీలు. చెయ్యి కడుక్కుంటుండగానే జానకిరామయ్య గొంతు సవరించుకున్నారు.

“పనైపోయిందిగా, ఇక బయల్దేరు. ఆషాఢం ఆషాఢమే.”

రచన మొహం చిన్నబోయింది. ఇంత రాతిమనిషి కడుపున ఇంత మెత్తటి పిల్ల ఎలా పుట్టిందా అనుకుంటూ సాయికౌశిక్ కిటికీ కింద వంగి చెప్పులు తొడుక్కున్నాడు. లోపల నుంచి మామగారి గొంతు గుసగుసగా వినిపించింది.

“వచ్చే ఆదివారానికి ప్రింటరు పాడుచేస్తాలే, సీతా.”