నూనె చుక్క కింద

ఓదెలు పేరు రాసిన స్లైడులో బ్లడ్ క్యాన్సర్ కనబడింది.

డాక్టర్ మనోజ్ఞ మైక్రోస్కోపు మీంచి తల ఎత్తి, మళ్లీ దించింది. ఫిల్మ్‌నగర్‌లో ఆమె ల్యాబుకి సినిమా ఫైటర్లు రావడం మామూలే. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేనిదే తాడు కట్టి పైనుంచి దూకనివ్వరు. ఓదెలుకి రక్తం తక్కువని రెండుసార్లు ఆమే కాదంది. మూడోసారీ కాదంటే ఫైట్ మాస్టర్ ఇంకొకణ్ణి పెట్టుకుంటానన్నాడట. ఈసారి హిమోగ్లోబిన్ పద్నాలుగు ఉంది. తీరా చూస్తే ఇది!

"రవీ, నెలలో రక్తం ఇంత ఎలా పెరిగింది?"

"గోలీలు మింగిండు మేడం. రూంల పాలకూర దప్ప వేరే కూర వండనిస్తలేడు."

టెక్నీషియన్ రవిచంద్ర, ఓదెలు కృష్ణానగర్‌లో ఒకే గదిలో ఉంటారు.

"మరి ఈ తెల్లకణాలేంటి?"

"రంగు సరిగ్గ పట్టలేదేమో మేడం. కొట్టొచ్చినట్టు కనబడాలని కింద డయాఫ్రం జర మూసి పెట్టిన."

"అదే తప్పు. వెలుతురు వచ్చే దారి మూస్తే అంచులు నల్లగా తేలతాయి, లోపలి వివరం చెదిరిపోతుంది. కొట్టొచ్చినట్టు కనబడటం వేరు, ఉన్నది కనబడటం వేరు."

ఆమె స్లైడు కింద వెలుతురు కూడగట్టే కండెన్సర్‌ని పైకి లేపింది. డయాఫ్రం తెరిచింది. స్లైడు మీద నూనె చుక్క వేసి, వంద రెట్ల లెన్సు దానికి తాకించింది. మసక విడిపోయింది. ముదరకుండానే రక్తంలోకి వచ్చేసిన కణాలు, కేంద్రకాల్లో లేత చుక్కలతో సహా!

"ఇంకో స్లైడు చేస్త మేడం."

రంగు వేసి, స్లైడు ఆరేదాకా దాని పక్కనుంచి కదల్లేదతను. స్నేహితుడంటే ఇంత ప్రాణమా అనుకుందామె. రెండో స్లైడు మొదటిదానికంటే స్పష్టంగా వచ్చింది. అదీ క్యాన్సరనే చెప్పింది.

"బాగా చూసేకొద్దీ ఖాయమవుతోంది రవీ. ఓదెలుని పిలువు, నేనే చెప్తాను."

బయట ఓదెలు ఫోన్లో నవ్వుతున్నాడు. "రేపు మూడంతస్తులకెళ్లి దుంకుడే అన్నా!"

రవిచంద్ర తలుపుకి అడ్డం నిలబడ్డాడు.

"వాన్కి చెప్పకుండ్రి మేడం."

"దాచితే ప్రాణం పోతుందయ్యా! తొందరగా పట్టుకున్నాం, మందులున్నాయి."

"నిజంగ ఉన్నయా మేడం?"

"ఉన్నాయి. జరుగు ముందు."

అతను జరగలేదు.

"వాడు మల్ల ఫెయిలైతడని భయపడి, వాని ట్యూబు పారేసి వేరేది పెట్టిన మేడం. గా రక్తం నాది."