నాలుగు వైపులా కిటికీలు

పెరుందేవి పెరట్లో ముగ్గుపిండితో ఇల్లు గీసింది. కాస్త ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ గీసింది.

"ఇది హాలు. ఈడ కూర్చుంటే కొండ కనపడాల. ఈ కిటికీ కింద పిల్లలు చదువుకుంటారు. ఆ స్థలంలో ఉండే వేపచెట్టు కొట్టేయొద్దండీ, వసారాలోనే ఉండనీండి."

భర్త వేంకటాచలపతి హైస్కూలు మాస్టరు. ఆమె ఏమన్నా వంద వంకలు పెట్టే మనిషి. ఈసారి మాత్రం "నువ్వెట్ల చెప్తే అట్లే" అన్నాడు. యుద్ధం ముగిసి సిమెంటు దొరకడమే గగనమైన రోజుల్లో ఎవరెవరినో పట్టుకుని తెచ్చాడు. డాక్టరు నీరసమన్నాడని ఆమె చేత మందు తాగించి, తానొక్కడే మదనపల్లె దాకా పోయి కొత్తరకం కట్టడాలు చూసొచ్చాడు. గోడ నిండా కిటికీలేనట!

వాస్తు పేరెత్తి ఊరంతా ఏకం చేసే అత్తగారు సుందరవల్లి కూడా నోరు మెదపలేదు. పెరుందేవి మురిసిపోయింది. తిరుపతి సందులోని ఆ చీకటి కొంపలో ఆమెకు ఊపిరాడడం లేదు. దానికి తోడు ఈమధ్య అత్తగారి మడి మరీ ముదిరింది. కోడలి చెంబు వేరు, కంచం వేరు, పక్క వేరు. పిల్లలు దగ్గరికొస్తే "మీరు మడిలో ఉండారు, అమ్మను తాకొద్దు" అని ఈడ్చుకుపోతుంది. మడి మనిషితో వాదించి గెలిచిందెవరు?

కొత్తింట్లో ఈ చాదస్తం సాగనివ్వనని పెరుందేవి తీర్మానించుకుంది. ఇద్దరు పిల్లల్నీ చెరోపక్క వేసుకుని, కొండ చూస్తూ నిద్రపోవాలి. ఆమెకు కావలసిందల్లా అంతే.

"వంటిల్లు ఇంత చిన్నదా?" అని అడిగితే, "చాల్లేవే" అన్నాడు భర్త.

గృహప్రవేశం నాడు చంద్రగిరి దారిలో, కొండ కింద బండి ఆగింది.

"ముందు నువ్వు పోయి పాలు పొంగించు తల్లీ" అంది అత్తగారు. ఆ గొంతులో అంత ప్రేమ ఎన్నడూ లేదు.

ఇంటి నిండా వెలుతురు. పాలు పొంగాయి. పాలగిన్నెతో పెరుందేవి సంబరంగా వసారాలోకి వచ్చింది.

అక్కడ ఒక్క మంచం, తన చెంబు, తన కంచం దించి ఉన్నాయి. అత్తగారు మెట్టెక్కలేదు. పిల్లలు బండి దిగలేదు.

"పిల్లల్ని దించండీ. పాలు చల్లారిపోతాయి."

వేంకటాచలపతి ఆమె ముఖం చూడలేదు. బండి తిప్పమని సైగ చేశాడు.

"నీది నీరసం కాదు పెరుందేవీ, క్షయ, పిల్లలు మాతోనే తిరుపతిలో ఉంటారు, ఈ ఇల్లు కట్టించింది నీ ఒక్కదానికే."