లైన్ వేస్తున్నాడు!

ఆడపిల్ల తండ్రి ఒకాయన కస్సుబుస్సులాడుతూ కరెంటాఫీసులోకి వచ్చాడు.

“మీ లైన్‌మాన్ మా అమ్మాయికి లైన్ వేస్తున్నాడండీ!”

ఇంజినీరు తీరిగ్గా కళ్లజోడు తుడుచుకున్నాడు. “లైన్ వేయడం వాడి డ్యూటీయే కదండీ. ఎంతవరకూ వచ్చింది? కనెక్షన్ ఇచ్చేశాడా?”

“ఇంకా నయం! రోజూ మా ఇంటి ముందు స్తంభమే ఎక్కుతున్నాడు. పైనుంచి మా కిటికీలోకి చూసి నవ్వులొకటి!”

“కంప్లయింట్ వస్తే ఎక్కక చస్తాడా? ఇంట్లో కరెంటు పోయిందని మీ అమ్మాయే రోజూ ఫోన్ చేస్తోంది. వాణ్నే పంపమంటోంది కూడా.”

తండ్రి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు.

“మా ఇంట్లో ఈమధ్య ఒక్క నిమిషం కూడా కరెంటు పోలేదే!”

ఇంజినీరు కళ్లజోడు పెట్టుకుని ఆయనకేసి జాలిగా చూశాడు.

“అయితే లైన్ వేస్తున్నది మావాడు కాదండీ.”