తిట్టే హక్కు

"నువ్వు గుర్రాన్ని పెంచడం లేదు. వాయిదాల మీద చంపుతున్నావు," అన్నాడు బిరామ్, గుర్రం వెనక కాలు ఒళ్లో పెట్టుకుని గిట్ట వాసన చూస్తూ.

టల్లా జోప్ పగలబడి నవ్వాడు. కావొలాక్ బండ్ల అడ్డాలో టీ కాచుకుంటున్నవాళ్లూ నవ్వారు.

బిరామ్ వానలు మొదలయ్యాక లూగా వైపు నుంచి వచ్చాడు. అడ్డా చివర రేకుల పంచలో దాగలి పెట్టుకుని, కట్టడాల్లో మిగిలిన ఇనుప కడ్డీలు వంచి గుర్రాలకు లాడాలు కొట్టేవాడు. పనిమంతుడు. నోట్లో ఎప్పుడూ మేకులుండేవి. వాటి పక్కనుంచి బయటపడే నాలుగు ముక్కల్లో పలకరింపులకు చోటుండేది కాదు.

మొదటి రోజే తిట్టాడని టల్లాకు ప్రాణం లేచొచ్చింది. బండి వెనక చెక్క మీద 'జోప్' అని మూరెడు అక్షరాలున్నాయి. అవి చూశాక కూడా జోప్‌ను ముఖం మీద తిట్టే హక్కు ఈ దేశంలో న్జాయ్ అనే ఇంటిపేరు వాళ్లకే ఉంది. తాతల నాటి పరాచికం అది. జోప్‌లు తిండిపోతులని న్జాయ్‌లు అనాలి. న్జాయ్‌లు తమ బానిసలని జోప్‌లు అనాలి. పెళ్లిలోనైనా చావులోనైనా అనాల్సిందే. కోపం తెచ్చుకున్నవాడి పరువు పోతుంది.

టల్లా పరువు గల మనిషి.

"నోర్మూసుకుని పని చూడు, బానిసా. మధ్యాహ్నం మా ఇంటికొస్తే చేపల అన్నం గిన్నె అడుగు గీక్కుందువు గాని," అన్నాడు.

బిరామ్ ముఖం బిగుసుకుంది. నటన కూడా వచ్చునే అని టల్లా ముచ్చటపడ్డాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు అడ్డాకు కాలక్షేపానికి లోటు రాలేదు. గుర్రాన్ని బురదలో కట్టొద్దని, బురదలో కట్టాలంటే టల్లానే కట్టుకోమని బిరామ్ అన్నాడు. ఆరు వారాలకోసారి లాడాలు మార్చాలన్నాడు. టల్లా పదకొండో వారంలో తీసుకెళ్లాడు. బిరామ్ ఆకురాయి కింద పడేసి, గిట్టలైతే పెరిగాయి గానీ నీ బుర్ర పెరగలేదన్నాడు. బండికి పన్నెండు బస్తాలు చాలన్నాడు. టల్లా పద్దెనిమిది ఎక్కించి, చూపించడానికి అతని ముందు నుంచే తోలుకెళ్లాడు. దానికొచ్చిన తిట్టు రాయదగ్గది కాదు. అడ్డాలో అందరూ దాన్ని నెలరోజులు చెప్పుకున్నారు.

ఇంట్లో భోజనాల దగ్గర టల్లా వీటిని అభినయించి చూపేవాడు. భార్య కుంబా ఒకసారి, వాటిలో ఒక్క మాటైనా వినకూడదా అంది. పరాచికాల విషయంలో ఆవిడకు రసికత తక్కువ.

నవంబరులో వేరుశనగ వచ్చింది. మిల్లుకు కాయ తోలే పని టల్లాకు కుదిరింది. ఈ మూడు వారాల తోలకం మీదే ఇంట్లో తొమ్మిది మంది మళ్లీ వానలదాకా తినాలి. ముందు రోజు గుర్రాన్ని లాడాలకు తెచ్చాడు.

బిరామ్ ముందరి కుడికాలు ఎత్తి చాలాసేపు చూశాడు. గిట్ట మీద పగులు పైన వెంట్రుకల అంచు దాకా పాకింది. అతను నోట్లోంచి మేకులన్నీ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"నెలరోజులు బండి కట్టకు. కట్టావా, ఈ గుర్రం మళ్లీ పనికి రాదు. దాన్ని చంపినవాడివి నువ్వే అవుతావు."

"నెలరోజులు కూర్చుంటే నీకు కూడెవరు పెడతార్రా, బానిసా?"

బిరామ్ లాడం కొట్టనన్నాడు. పరాచికాన్ని అంతదూరం లాక్కెళ్లగలవాణ్ణి టల్లా తన జన్మలో చూడలేదు. మేకులు తీసి మరీ తిట్టాడని అడ్డా అంతా తిరిగి చెప్పి, బజారు అవతల ఇంకొకడి చేత లాడాలు కొట్టించుకున్నాడు.

మూడో రోజు మిల్లు రోడ్డు మీద, పద్దెనిమిది బస్తాల కింద, గిట్ట చీలింది. గుర్రం కూలబడింది. అడ్డావాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. బిరామ్ వచ్చి కాడి విప్పాడు. మిల్లు గుమాస్తా బస్తాలు దించడానికి ఇంకో బండిని పిలిపించాడు.

పశువైద్య శాఖ ఉద్యోగి వచ్చి చూశాడు. బతుకుతుంది, బండి మాత్రం ఇక లాగదన్నాడు. టల్లా రోడ్డు పక్కన చతికిలబడ్డాడు.

ఉద్యోగి ఫారం తీశాడు. ఈ పగులు ఇవాళ్టిది కాదు, లాడాలు కొట్టేవాడు చెప్పలేదా అని అడిగాడు.

"నాలుగు నెలల నుంచీ చెబుతూనే ఉన్నాను," అన్నాడు బిరామ్.

"చెప్పాడయ్యా, కాదనను," అన్నాడు టల్లా కళ్లు తుడుచుకుంటూ. "న్జాయ్ తిట్టింది నిజమనుకుని ఇంట్లో కూర్చుంటే, ఏ జోప్ అయినా ఈ ఊళ్లో తలెత్తుకుని తిరగగలడా? మీరే చెప్పండి."

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. అందులో న్యాయముందని ఉద్యోగి కూడా ఒప్పుకున్నాడు.

ఫారంలో సాక్షి పేరు రాయడానికి అతను బిరామ్ గుర్తింపు కార్డు అడిగి తీసుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు పైకి చదివాడు: "బిరామ్ జోప్."