తొమ్మిది గంటల వ్యాను

ఇటలీ సరిహద్దు దగ్గర బస్సు ఆగింది. బయట కుండపోత. తడిసిన కోట్లతో ఇద్దరు పోలీసులు ఎక్కి, ముందు సీటు నుంచి అందరి గుర్తింపు కార్డులూ చూడటం మొదలుపెట్టారు.

దున్యా తన సంచి గాలించింది. అన్నీ ఒళ్ళో కుమ్మరించి మళ్ళీ గాలించింది.

"నా కార్డు లేదురా," అంది, మొహం పాలిపోయి.

మారిన్, క్రేషో, దున్యా జాగ్రెబ్‌లో ఒకే కాలేజీ. సెలవుల్లో అన్నిటికంటే చవక బస్సులు వెతుక్కుని బయల్దేరారు. ల్యుబ్లియానాలో ఎనిమిదిమంది పడుకునే గదిలో ఒక రాత్రి గడిపి, పొద్దున్నే త్రియెస్తె బస్సెక్కారు. సాయంత్రం అక్కణ్ణుంచి వెనిస్. తిండి కూడా సంచుల్లోనే: రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు.

"నీ సంచి ఎవరు ముట్టుకున్నారో నేను చూశాను," అంటూ క్రేషో లేచాడు.

వాళ్ళకు ముందు సీట్లో ఉన్నాయన పేరు రమీజ్. బోస్నియా మనిషి, గచ్చు మీద పలకలు పరిచే మేస్త్రీ. బస్సెక్కుతూనే తన పనిముట్ల సంచికి చోటు కోసం పైనున్న దున్యా సంచిని పక్కకు జరిపాడు. తర్వాత నూనె కాగితం విప్పి, మాంసం కూరిన బూరెక్ ముక్కలు ముగ్గురికీ పెట్టాడు.

"తినండి పిల్లలూ, మా ఆవిడ చేసింది. తొమ్మిదింటికి త్రియెస్తెలో పనివాళ్ళ వ్యాను వస్తుంది. ఆర్నెల్లకు దొరికింది ఈ పని," అన్నాడు మురిసిపోతూ.

ఆ ముక్కలు క్రేషోయే రెండు తిన్నాడు.

"ఏం పెద్దాయనా, సంచి జరిపి ఊరుకున్నావా, లోపల చెయ్యి కూడా పెట్టావా?"

రమీజ్‌కు మొదట అర్థం కాలేదు. అయ్యాక నవ్వబోయాడు. "ఆ కార్డు నేనేం చేసుకుంటాను నాయనా? నా మొహమూ ఆ పిల్ల మొహమూ ఒక్కలా ఉన్నాయా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. క్రేషోకి ఒళ్ళు మండింది.

"అమ్ముకుంటారు! ఇలాంటివాళ్ళు ఏవైనా అమ్ముకుంటారు!" అని బస్సంతా వినబడేలా అరిచాడు.

"వదిలెయ్ క్రేషో, పోతే పోయింది," అంది దున్యా తల దించుకుని.

"నువ్వూరుకో. నీకన్నిటికీ జాలే."

ఒక పోలీసు రమీజ్‌ను సంచితో సహా కిందికి దిగమన్నాడు. రెండోవాడు మారిన్ ముందు చెయ్యి చాపాడు.

మారిన్ తన కార్డు కోసం కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టాడు. వేళ్ళకు రెండు కార్డులు తగిలాయి.

పొద్దున వానలో బస్టాండుకు పరుగెడుతున్నప్పుడు, "నా సంచి తడిసిపోతోంది, ఈ కార్డు నీ దగ్గర పెట్టు," అని దున్యా ఇచ్చింది. ఆ హడావిడిలో తనూ మరిచాడు, పాపం ఆమె కూడా మరిచింది.

ఒక్క మాట చాలు. ఇదిగో, నా దగ్గరే ఉంది. కానీ బస్సు బస్సంతా ఇటే చూస్తోంది. మారిన్ తన కార్డు ఒక్కటే చూపించి జేబులో పెట్టుకున్నాడు.

కిటికీలోంచి చూస్తే, వానలో బల్ల మీద రమీజ్ సామాను పరిచి ఉంది. తాపీ, మోకాళ్ళకు కట్టుకునే మెత్తలు, మడత పెట్టిన చొక్కా, మిగిలిన బూరెక్.

మారిన్ రెండో కార్డును మెల్లగా కిందికి జారవిడిచి, బూటుతో ముందు సీటు కిందికి నెట్టాడు. పొరపాటున పడిపోయిందనుకుంటారు, గొడవ తీరిపోతుంది అనుకున్నాడు.

క్రేషో వంగి తీశాడు. "చూశారా! పోలీసుల్ని చూడగానే సీటు కింద పడేశాడు!"

ఆ మాట కిందికి చేరింది. డ్రైవరు గడియారం చూసుకున్నాడు. "ఆయన సంగతి తేలేదాకా నేను ఆగలేను," అని తలుపు మూశాడు.

"తొమ్మిదింటికి వ్యాను! ఒక్క నిమిషం ఆగన్నా!" రమీజ్ బస్సు వెంట నాలుగడుగులు వచ్చాడు. కిటికీలో మారిన్‌ను చూసి, కాస్త నువ్వైనా చెప్పు అన్నట్టు చేతి గడియారం వేలితో కొట్టి చూపించాడు.

మారిన్ మొహం తిప్పుకున్నాడు.

త్రియెస్తె బస్టాండు బయట ఒక తెల్ల వ్యాను నిలబడి ఉంది. దాని డ్రైవరు దిగినవాళ్ళందరినీ ఒక్కొక్కరినీ పరకాయించి చూశాడు. పావుగంట ఆగి, రెండుసార్లు హారన్ కొట్టి వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా వాన వదల్లేదు. ఒక చూరు కింద సంచుల మీద కూర్చుని సాయంత్రం బస్సు కోసం ఎదురుచూశారు. క్రేషో ఫోన్లో ఎవరెవరికో దొంగను పట్టుకున్న కథ చెబుతున్నాడు. చెప్పిన ప్రతిసారీ రమీజ్ ఇంకాస్త దొంగ అవుతున్నాడు. దున్యా ఒక్క ముద్ద తినలేదు. పిలిచి తిండి పెట్టినవాడే దొంగయ్యాడని మనసు విరిగిపోయిందేమో. అలా అనుకున్నకొద్దీ మారిన్‌కు తన మీద తనకే కంపరమెత్తింది.

క్రేషో టీ తేవడానికి వెళ్ళగానే చెప్పేశాడు.

"అతను తియ్యలేదు దున్యా. కార్డు నా జేబులోనే ఉంది. కింద పడేసింది నేనే. అందరి ముందూ సిగ్గేసి నోరు మూసుకున్నాను. తిట్టు నన్ను. కొట్టు."

దున్యా వాన వైపే చూస్తూ అంది:

"క్రేషో ఆయన మీద అరుస్తుండగానే, కార్డు నీకిచ్చిన సంగతి నాకు గుర్తొచ్చింది మారిన్."