బాజా ముందర కూర్చున్న మనిషి

లాక్‌డౌన్ పెట్టి రెండు నెలలు. సూరత్‌లోని ఆ మరమగ్గాల షెడ్డులో నలభై సాంచలూ బందయ్యాయి. కరెంటు కూడా తీసేశారు. కాపలాకు సదానందం ఒక్కడే మిగిలాడు. ఇరవై ఏళ్ల సాంచల మోత అతని చెవుల్లోంచి ఇంకా పోలేదు. ఎంత నిశ్శబ్దంలోనైనా లడలడ వినబడుతూనే ఉంటుంది.

ఆ రాత్రి షెడ్డు యజమాని సేఠ్ కూతురు, నిరుడు విదేశంలో చూసొచ్చిన పాత చర్చి ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టింది. రెండు ఆర్గన్ బాజాలు, పడుగు పోగుల్లా బారులు తీరిన వెండి గొట్టాలు. చర్చి కిటికీల రంగుటద్దాల వెలుగు ఫోన్లోంచి పారి సాంచల మీద నీళ్లలా ఊగింది. పెద్ద బాజా ముందర కూర్చున్న ముసలాయన ఒక్కో ఫొటోలో ఒక్కోలా నోరు తెరిచాడు. మోతలో బతికినవాళ్లకు పెదాలు చూసి మాట పట్టడం అలవాటే. సదానందం ఫొటోలు గబగబా జరిపాడు. ముసలాయన పెదాల మీద మాట తేలింది.

"బంద్ చెయ్."

నవ్వొచ్చి, ఊళ్లోనే నవాగామ్ గదిలో ఉన్న తోటి కార్మికుడు లింగానికి వీడియో కాల్ చేశాడు.

"లింగం, గమ్మతి చూడు! ఫొటోల ఉన్నాయన మన తెలుగు మాట్లాడుతుండు!"

లింగం మొహం చిట్లించాడు. అతని పెదాలు కదలడమే కనబడింది.

"ఏం ఇనొస్తలేదన్నా. జర సాంచలు బంద్ చేసి మాట్లాడు."