మాటకున్న విలువ

“ఇవాళ చెప్పకపోతే ఎల్లుండికి ఆస్పత్రిలో మంచాలు చాలవండీ!”

నీటి సరఫరా అధికారి పరీక్ష కాగితాన్ని మేయరు బల్ల మీద పరిచాడు. గొట్టం పగిలి, మురుగు ఊరి కొళాయి నీళ్లలో కలుస్తోందని అందులో స్పష్టంగా ఉంది.

మేయరు కాగితం వంక కన్నెత్తి చూడలేదు. “నాలుగు రోజుల్లో పోలింగు పెట్టుకుని, ఓటర్లకి మురుగు తాగిస్తున్నామని చాటించమంటావా? ఇంకా నయం, ఊరేగింపు కూడా తియ్యమన్లేదు!”

“నన్ను చెప్పనివ్వండి. లేదా నా రాజీనామా తీసుకోండి. మా ఇంట్లోనూ ఏడాది మనవరాలుంది.”

నీటి సరఫరాతో పాటు నగరపాలక సంస్థ ప్రతినిధి పని కూడా అతనిదే. మూడేళ్లుగా మేయరు రాసిచ్చినదల్లా టీవీలో చిలకలా అప్పజెప్పినవాడు. వరద రాదన్నాడు, నడుంలోతు వచ్చింది. మార్కెట్టు జోలికి ఎవరూ వెళ్లరన్నాడు, వారం తిరక్కుండా నేలమట్టం చేశారు. ఈ ఒక్క నిజమైనా చెప్పకపోతే ఇక అద్దంలో మొహం చూసుకోలేననిపించింది.

పార్టీకి సర్వేలు చేసిపెట్టే ప్రచార సలహాదారు అంతవరకూ మూలన కూర్చుని గోళ్లు చూసుకుంటున్నాడు. ఇప్పుడు లేచి, ఒక కాగితాన్ని మేయరు ముందుకు జరిపాడు. మేయరు చదివాడు. మళ్లీ చదివాడు. మొహం విప్పారింది.

“అలాగే కానీవయ్యా! నీ నోటితోనే చెప్పు.”

“ఒక్క అక్షరం కూడా మార్చం సార్,” అన్నాడు సలహాదారు అధికారి వైపు తిరిగి, మర్యాదగా. “మీ మాటకు జనంలో ఎంత విలువుందో మా దగ్గర లెక్కలున్నాయి. ఇది మీరు తప్ప ఇంకెవరు చెప్పినా ప్రమాదమే.”

అధికారి పరీక్ష కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంత జరిగాక కూడా జనం తనని నమ్ముతున్నారా!

పది గంటలకు అన్ని చానళ్లలోనూ అతని మొహమే. “కొళాయి నీళ్లు చుక్క కూడా తాగొద్దు. దయచేసి నా మాట నమ్మండి.” ఆ చివరి మాటకు కెమెరా దగ్గర నిలబడ్డతను ఎందుకో పక్కకు తిరిగి దగ్గాడు.

మధ్యాహ్నం ఇంటికి నడిచి వస్తుంటే, రోజూ కిటకిటలాడే మంచినీళ్ల క్యాన్ల కొట్లో యజమాని ఈగలు తోలుకుంటూ కనిపించాడు. సరుకంతా అప్పుడే అమ్ముడైపోయిందన్నమాట! అధికారి అడుగులు తేలికపడ్డాయి. ఉద్యోగంలో చేరాక మొదటిసారి తన మాట నలుగురికి పనికొచ్చింది.

గుమ్మంలో భార్య మనవరాల్ని చంకనేసుకుని నిలబడింది. పిల్ల పెదాలు తడిగా ఉన్నాయి.

“ఏం పట్టావే?”

“నీళ్లండీ. దాహమని ఒకటే ఏడుపు.”

“ఏ నీళ్లు?”

“కొళాయివి. అలా అరుస్తారేం, పిల్ల జడుసుకుంటుంది!”

“పొద్దున నేను టీవీలో చెప్పింది వినలేదూ?”

“వినకేం!” భార్య పిల్ల మూతి కొంగుతో తుడిచింది.

“మీరు తాగొద్దన్నాకే ధైర్యం వచ్చి పట్టానండీ.”